ప్రావిన్సు నామినేషన్‌కు ముందు తేల్చుకోవలసింది: దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలి?

నమస్కారం. మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది పలాస దగ్గరి ఊరు, వయసు 32, మెకానికల్ బీటెక్, విశాఖపట్నంలో 8 ఏళ్ళ అనుభవం. మీ భార్యకు 29, బీఎస్సీ నర్సింగ్ చదివి శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 5 ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నారు. నాలుగేళ్ళ పాప ఉంది. మీకు ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్ 7.5, మిగిలిన మూడింటిలో 6.5 చొప్పున వచ్చాయి. 8 లక్షల రూపాయలు కడితే కెనడాలో ఏదో ఒక ప్రావిన్సు నుంచి ‘గ్యారంటీ నామినేషన్’ తెప్పిస్తామని, ఆ తరువాత మీరు ఒంటారియో ప్రావిన్సులో మీ మేనమామ కొడుకు ఉన్న బ్రాంప్టన్‌లోనే స్థిరపడవచ్చని ఒక కన్సల్టెన్సీ వారు చెప్పారు. కట్టవచ్చా, అందుకోసం జీడితోట అమ్మవచ్చా అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. ఆ 8 లక్షలు కట్టవద్దు, దానికోసం తోట అమ్మవద్దు, ప్రధాన దరఖాస్తు మీ పేరున పెట్టవద్దు. నామినేషన్ అనేది ఒక ప్రావిన్సు ప్రభుత్వం తన అవసరాన్ని చూసుకొని ఇచ్చేది. దానికి గ్యారంటీ ఇవ్వగల మధ్యవర్తి ఎవరూ లేరు. ఇక ఆ అవసరం దృష్ట్యా చూస్తే, మీ ఇంట్లో ప్రావిన్సులు వెతుకుతున్న మనిషి మీరు కాదు, మీ భార్య. ఆవిడను ప్రధాన దరఖాస్తుదారుగా, మిమ్మల్నీ పాపనూ వెంట వచ్చే కుటుంబసభ్యులుగా పెట్టుకొని, ఆవిడ ఇంగ్లీషు పరీక్ష, నర్సింగ్ లైసెన్సు పనులు ఇప్పుడే మొదలుపెట్టండి. బ్రాంప్టన్ విషయానికి వస్తే, అక్కడే ఉండాలని ముందే నిశ్చయించుకున్నవారు ఒంటారియో తప్ప మరే ప్రావిన్సుకూ దరఖాస్తు పెట్టకూడదు.

నేను కెనడాలో లైసెన్సు ఉన్న వలస సలహాదారుగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. సొంత జిల్లా శ్రీకాకుళమే కావడంతో నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మన జిల్లావారు, విజయనగరం వారు. కింద రాసేదంతా అటువంటి కుటుంబాల ఫైళ్ళు చూస్తూ తెలుసుకున్నదే.

ముందు ఈ పద్ధతి ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే కన్సల్టెన్సీవారి మాటలో తప్పు ఎక్కడుందో అప్పుడే మీకు తెలుస్తుంది. కెనడాలో క్యుబెక్‌కు 1991 నాటి ఒప్పందం ప్రకారం సొంత ఎంపిక విధానం ఉంది. నునావుట్‌కు నామినేషన్ కార్యక్రమమే లేదు. మిగిలిన 9 ప్రావిన్సులు, 2 టెరిటరీలు వేరువేరుగా కార్యక్రమాలు నడుపుతున్నాయి. ప్రతి ఏటా కేంద్రప్రభుత్వం ఒక్కొక్కదానికి ఇన్ని నామినేషన్లని కోటా ఇస్తుంది. ప్రావిన్సు ఆ కోటాలో తనకు కావలసినవారిని ఎంచుకుంటుంది, కానీ శాశ్వత నివాసం అంటే పీఆర్ ఇచ్చేది మాత్రం కేంద్రమే. ఆరోగ్య పరీక్ష, పోలీసు క్లియరెన్సు, పత్రాల నిజానిజాలు చూసుకొని, నామినేషన్ ఉన్నా సరే పీఆర్ నిరాకరించే అధికారం కేంద్రానికి ఉంటుంది. నామినేషన్ పీఆర్ కాదు, వీసా అంతకన్నా కాదు.

నామినేషన్లలో రెండు రకాలు. ఒకటి 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో, అంటే దరఖాస్తుదారులకు పాయింట్లు వేసి కేంద్రం ఎంచుకునే పద్ధతితో, ముడిపడినది. ఇందులో ప్రావిన్సు ఎంచుకుంటే మీ సీఆర్‌ఎస్ స్కోరుకు, అంటే ఆ పద్ధతిలో మీకు వచ్చే మొత్తం పాయింట్లకు, 600 పాయింట్లు కలుస్తాయి, దానితో కేంద్రం నుంచి పిలుపు దాదాపు ఖాయమైనట్లే. పిలుపు వచ్చాక 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. అక్కడి నుంచి సుమారు 6 నెలల్లో నిర్ణయం ఇవ్వాలని కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. రెండవది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో సంబంధం లేని బేస్ నామినేషన్. దానికి 600 పాయింట్ల ప్రసక్తి ఉండదు, నిర్ణయానికి ఇంకా ఎక్కువకాలం పడుతుంది. కన్సల్టెన్సీవారు ఏ రకం నామినేషన్ గురించి మాట్లాడుతున్నారో, ఏ ప్రావిన్సులో ఏ స్ట్రీమ్ (విభాగం) కిందో కాగితం మీద రాసి ఇమ్మని అడిగి చూడండి. నా అనుభవంలో ‘ఏదో ఒక ప్రావిన్సు’ అనేవారు ఆ కాగితం ఇవ్వరు.

ఇంకొక వాస్తవం కూడా మీరు తెలుసుకోవాలి. 2024కు ప్రావిన్సు నామినేషన్ల కింద 1,10,000 మందిని తీసుకోవాలని లక్ష్యం పెట్టుకున్న కెనడా, 2025కు దానిని 55,000కు తగ్గించింది. 2026 ప్రణాళికలో మళ్ళీ 91,500కు పెంచింది. కోటా సగానికి పడినప్పుడు చాలా ప్రావిన్సులు అప్పటికే తమ దగ్గర పనిచేస్తున్నవారిని ముందు చూసుకున్నాయి. కోటా పెరిగినా ఆ మొగ్గు పూర్తిగా పోతుందని నేను అనుకోను. కాబట్టి మన దేశం నుంచి, జాబ్ ఆఫర్ లేకుండా, మెకానికల్ ఇంజనీరుగా నామినేషన్ ఆశించడం ఈ రోజుల్లో చాలా ఇరుకుదారి. వైద్యరంగం మాత్రం కోటా తగ్గిన రోజుల్లోనూ ప్రావిన్సుల ప్రాధాన్యంలోనే నిలిచింది. ఉదాహరణకు సస్కాచెవాన్ 2025లో నిబంధనలు బిగించినప్పుడు కూడా వైద్యం, వ్యవసాయం, నైపుణ్య వృత్తులు అనే మూడింటికీ ప్రాధాన్యం ఇచ్చింది. ఆల్బర్టాలో వైద్యసిబ్బందికి ప్రత్యేక మార్గం ఉంది, దానికి అక్కడి యజమాని నుంచి జాబ్ ఆఫర్ కావాలి. నోవాస్కోషియా నర్సింగ్ కాలేజీ, అంటే అక్కడి లైసెన్సింగ్ సంస్థ, 2023లో ఏడు దేశాల నర్సులకు నమోదు ప్రక్రియను సులభం చేసింది. ఆ ఏడింటిలో భారతదేశం ఉంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. మీరు ప్రధాన దరఖాస్తుదారు అయితే, మీరిచ్చిన వివరాల ప్రకారం వయసుకు 85, డిగ్రీకి 112, ఇంగ్లీషుకు 88, మీ భార్య చదువుకు 8, చదువూ అనుభవమూ ఇంగ్లీషుతో కలిసినందుకు వచ్చేవి 38, మొత్తం 331. ఈ స్కోరుతో సాధారణ ఎంపికలో పిలుపు ఆశించలేరు. అదే మీ భార్య ప్రధాన దరఖాస్తుదారై, ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగిలిన మూడింటిలో 7 చొప్పున తెచ్చుకుంటే, అంటే కెనడా భాషా ప్రమాణమైన సీఎల్‌బీలో 9వ స్థాయి అందుకుంటే, వయసుకు 100, డిగ్రీకి 112, ఇంగ్లీషుకు 116, మీ చదువుకు 8, మీ ఇంగ్లీషుకు 12, కలయిక పాయింట్లు 75, మొత్తం 423. అదే ఆవిడ మీలాగే సీఎల్‌బీ 8 దగ్గర ఆగిపోతే ఇది 358కి పడిపోతుంది. లిజనింగ్‌లో అర బ్యాండు, మిగిలిన వాటిలో అర బ్యాండు చొప్పున తేడాకు 65 పాయింట్లు. నామినేషన్ తరువాత ఇంత పెద్ద మార్పు తెచ్చేది మరొకటి లేదు, పైగా ఇది పూర్తిగా మీ చేతిలో ఉన్నది. మీకు ఇక 33 నిండితే వయసు పాయింట్లు 85 నుంచి 80కి తగ్గుతాయి. మీ భార్యకు 30 నిండితే 100 నుంచి 95కు తగ్గుతాయి. అందుచేత పరీక్షకు కాలం వృథా చేయవద్దు.

423 కూడా సాధారణ ఎంపికకు చాలకపోవచ్చు. కానీ 2023 నుంచి కేంద్రం వైద్యరంగం వారికి విడిగా ఎంపికలు జరుపుతోంది, వాటిలో కటాఫ్ సాధారణ ఎంపికలకన్నా తక్కువగా ఉంటూ వస్తోంది. అంటే ఆవిడ ప్రొఫైలుకు రెండు తలుపులు: ఒకటి ప్రావిన్సు, రెండు వైద్యరంగపు ఎంపిక. మీ ప్రొఫైలుకు ఆ రెండవ తలుపు లేదు. ఇద్దరికీ అర్హత ఉంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భార్యాభర్తలు చెరొక ప్రొఫైలు పెట్టుకోవచ్చు, అందులో తప్పులేదు. అయితే రెండింటిలో రాసిన వివరాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి.

మన వైపు కుటుంబాల్లో ఫైలు భర్త పేరున మొదలుకావడం ఆనవాయితీ అయిపోయింది. నరసన్నపేట వైపు నుంచి వచ్చిన ఒక జంటను ఉదాహరణగా చెబుతాను. భర్త ఎంబీఏ, మార్కెటింగ్ ఉద్యోగం. భార్య మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదివి ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో చేస్తున్నారు. నా దగ్గరకు వచ్చేనాటికి భర్త ప్రొఫైలు చాలాకాలంగా కదలకుండా పడివుంది. ఆవిడ ఇంగ్లీషు పరీక్ష ఎప్పుడూ రాయలేదు, ఎవరూ రాయమని అడగనూ లేదు. అత్తగారికి మొదట ఇష్టం లేకపోయినా ఆవిడ పరీక్ష రాశారు, సీఎల్‌బీ 9 వచ్చింది, వైద్యరంగపు ఎంపికలో పిలుపూ వచ్చింది. ఆయన ఇప్పుడు అక్కడ తన రంగంలోనే పనిచేస్తున్నారు. పీఆర్ అందరికీ ఒకేలా వస్తుంది, ప్రధాన దరఖాస్తుదారు ఎవరన్నదానితో తరువాత హక్కుల్లో తేడా ఏమీ ఉండదు. ఇంట్లో పెద్దవారు అడిగితే ఈ మాట చెప్పండి.

ఇక నర్సింగ్ పత్రాల సంగతి. అసలు కష్టం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది అనుభవ ధ్రువపత్రం. మన ప్రైవేటు ఆసుపత్రులు ఇచ్చే పత్రం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది: లెటర్‌హెడ్ మీద మూడు లైన్లు, ‘ఈమె మా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేశారు, నడవడిక సంతృప్తికరం’ అని, కింద డాక్టరుగారి సంతకం, పక్కగా వంకరగా పడిన స్టాంపు, చాలాసార్లు తేదీ కూడా ఉండదు. ఇది కెనడాకు పనికిరాదు. వారికి కావలసింది చేరిన తేదీ, ప్రస్తుత హోదా, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏయే విధులు నిర్వర్తించారు, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను నంబరు. విధులు రాసేటప్పుడు కెనడా ప్రభుత్వ వృత్తి వర్గీకరణ, అంటే నోక్, లోని వాక్యాలను యథాతథంగా ఎత్తి రాయవద్దు. ఆవిడ ఐసీయూలో చేస్తారో, లేబర్ రూములో చేస్తారో, డయాలసిస్ యూనిట్‌లో చేస్తారో, నిజంగా చేసే పనినే రాయించండి. ఉద్దానం వైపు కిడ్నీ రోగుల కారణంగా మన జిల్లాలో డయాలసిస్ అనుభవం ఉన్న నర్సులు చాలామంది ఉన్నారు. అది ఎక్కడికి వెళ్ళినా విలువైన అనుభవం, పత్రంలో అది కనబడాలి.

జీతం చేతికి నగదుగా ఇస్తున్నారా, బ్యాంకులో వేస్తున్నారా అన్నది మీరు రాయలేదు. నగదు అయితే ఈ నెల నుంచే బ్యాంకుకు మార్పించండి. పీఎఫ్ ఖాతా ఉంటే దాని పాస్‌బుక్ చాలా బలమైన రుజువు, ఎందుకంటే ప్రతి నెల జమా ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. ఈఎస్ఐ కార్డు, నియామక పత్రం, డ్యూటీ చార్టుల నకళ్ళు, ఏవి దొరికితే అవి దాచుకోండి. ఆసుపత్రివారు వివరమైన పత్రం ఇవ్వబోమని భీష్మించుకుంటే, వారిచ్చే చిన్న పత్రానికి తోడు నర్సింగ్ సూపరింటెండెంటు చేత విధులు వివరిస్తూ ప్రమాణపత్రం తీసుకొని, ఎందుకు అలా ఇవ్వవలసి వచ్చిందో ఒక లేఖలో వివరించవచ్చు. ఇలా పెట్టిన ఫైళ్ళు ఆమోదం పొందడం నేను చూశాను. ఒక్క మూడు లైన్ల పత్రంతో పెట్టినవి మాత్రం తిరిగి రావడమే ఎక్కువ.

రెండవది చదువు. కెనడాకు ఈసీఏ నివేదిక, అంటే మన డిగ్రీ అక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే మదింపు, కావాలి, అది 5 ఏళ్ళు చెల్లుతుంది. మీ బీటెక్ డిగ్రీ మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉందో ట్రాన్‌స్క్రిప్టులు అక్కడినుంచే రావాలి. విజయనగరంలో జేఎన్టీయూ గురజాడ వచ్చింది కదా అని కొందరు అక్కడికి వెళుతున్నారు, కానీ అది రాకముందు చదివిన మీవంటివారి డిగ్రీ కాకినాడ జేఎన్టీయూ పేరున ఉంటుంది. మీ భార్య డిగ్రీ విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. 2022లో దానికి డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టి, 2024లో తిరిగి డాక్టర్ ఎన్టీఆర్ పేరు పెట్టారు. డిగ్రీ మీద ఒక పేరు, ఇప్పుడు పంపే ట్రాన్‌స్క్రిప్టు మీద మరొక పేరు ఉండే అవకాశం ఉంది. రెండూ ఒకే విశ్వవిద్యాలయమని ఒక వాక్యంలో వివరించి, పేరు మార్పు ఉత్తర్వు నకలు జతచేస్తే సరిపోతుంది.

మూడవది నర్సింగ్ లైసెన్సు. పీఆర్ వేరు, నర్సుగా పనిచేసే అనుమతి వేరు. లైసెన్సు ప్రావిన్సు నర్సింగ్ సంస్థ ఇస్తుంది, దానికి ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష పాసవ్వాలి. కొన్ని ప్రావిన్సులకు ఎన్‌నాస్ అనే సంస్థ ద్వారా పత్రాల మదింపు జరుగుతుంది. అందుకు నర్సింగ్ కళాశాల, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, ఆసుపత్రి తమ ఫారాలను నేరుగా పంపాలి, మీరు చేతితో పంపితే ఒప్పుకోరు. కొన్ని ప్రావిన్సులు నామినేషన్ సమయంలోనే లైసెన్సు వైపు అడుగు పడినట్లు రుజువు అడుగుతాయి. ఇందుకు కాలం పడుతుంది కాబట్టి ఇంగ్లీషు పరీక్షకు చదువుతూనే ఈ పనీ మొదలుపెట్టడం మంచిది. ఎన్‌క్లెక్స్‌ను హైదరాబాదులో రాయవచ్చు. మన దగ్గర జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేసిన సోదరీమణులు కూడా ఇది చదువుతూ ఉండవచ్చు. మీకూ దారి ఉంది, కానీ మదింపులో అదనపు కోర్సులు అడిగే అవకాశం బీఎస్సీ వారికన్నా ఎక్కువ.

పేర్ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, నర్సింగ్ కౌన్సిల్‌లో పెళ్ళికి ముందు పేరు, ఆసుపత్రిలో భర్త ఇంటిపేరు: ఇలా నాలుగు రూపాలు ఉంటే ముందు అన్నీ ఒక దారికి తెచ్చి, మిగిలిన తేడాలకు అఫిడవిట్ పెట్టండి. పెళ్ళి అరసవల్లిలోనో శ్రీకూర్మంలోనో జరిగి రిజిస్టరు కాకపోతే సబ్ రిజిస్ట్రారు దగ్గర ఇప్పుడే చేయించండి.

ఇప్పుడు బ్రాంప్టన్. కెనడా హక్కుల చార్టరు 6వ సెక్షన్ ప్రకారం పీఆర్ ఉన్నవారు ఏ ప్రావిన్సుకైనా వెళ్ళి బతకవచ్చు. ఏజెంట్లు ఈ సగం నిజాన్నే పట్టుకొని చెబుతారు. రెండో సగం ఏమిటంటే, నామినేషన్ తీసుకునేటప్పుడూ, పీఆర్ దరఖాస్తులోనూ, కెనడాలో అడుగుపెట్టేటప్పుడూ ఆ ప్రావిన్సులో నివసించే ఉద్దేశం మీకు నిజంగా ఉండాలి. ఉద్దేశం లేకుండా ఉందని సంతకం పెడితే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది. దానికి 5 ఏళ్ళపాటు దరఖాస్తుకే అనర్హత విధించవచ్చు. ఇవి చేతులు దులుపుకొనే విషయాలు కావు. నాకు తెలిసిన ఒక యువకుడు అట్లాంటిక్ తీరపు ప్రావిన్సు నామినేషన్‌తో నేరుగా టొరంటోలో దిగాడు. పీఆర్ కార్డు ఏ చిరునామాకు పంపాలని అధికారి అడిగితే అప్పటికే అద్దెకు తీసుకున్న బ్రాంప్టన్ ఇంటి చిరునామా చెప్పాడు. ఆ ప్రావిన్సులో ఉద్యోగం వెతికారా, ఇల్లు చూశారా, అక్కడికి టికెట్ ఉందా అని వరుసగా వచ్చిన ప్రశ్నలకు అతని దగ్గర జవాబు లేదు. ఆ రోజు అతని ల్యాండింగ్ పూర్తికాలేదు, ఆ తరువాత ఆ కుటుంబం పడిన ఆందోళన నేను కళ్ళారా చూశాను. మరోవైపు, బొబ్బిలి ప్రాంతపు కుటుంబం ఒకటి సస్కాచెవాన్ నామినేషన్‌తో వెళ్ళి రెజైనాలో ఇల్లు తీసుకొని, పిల్లలను బడిలో వేసి, కొన్నేళ్ళు అక్కడే పనిచేసి, తరువాత భర్తకు క్యాల్గరీలో మంచి ఉద్యోగం వస్తే మారారు. వారిని ఎవరూ ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ లేదు.

కాబట్టి ప్రావిన్సును ఎంచుకునేటప్పుడు ‘ఎక్కడ సులువు’ అని మాత్రమే కాక ‘ఎక్కడ ఉండగలం’ అని కూడా మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకోండి. చలి, తెలుగువారు ఎంతమంది ఉన్నారు, మీ మెకానికల్ అనుభవానికి పనులున్నాయా, పాప బడి, ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. మానిటోబా అయితే అక్కడ బంధువో స్నేహితుడో ఉన్నారా, లేదా అక్కడ చదువో పనో చేశారా అని చూస్తుంది. వేరే ప్రావిన్సులో చదివినా, పనిచేసినా, వేరే ప్రావిన్సుకు దరఖాస్తు పెట్టుకొని ఉన్నా ఒక్కొక్కదానికి 100 పాయింట్లు కోస్తుంది. కన్సల్టెన్సీవారు ‘అన్ని ప్రావిన్సులకూ ఒకేసారి వేసేస్తాం’ అంటే, అది సాయం కాదు, నష్టం.

ఆ కన్సల్టెన్సీ గురించి. మన ప్రాంతంలో గల్ఫ్ వీసాకు ఏజెంటు చేతిలో డబ్బు పెట్టడం తరతరాలుగా అలవాటైంది కాబట్టి నామినేషన్ కూడా అలాగే కొనుక్కునే వస్తువని చాలామంది నమ్ముతున్నారు. నామినేషన్‌కు ప్రావిన్సు తీసుకునే రుసుము చాలా స్పష్టంగా ఉంటుంది. మానిటోబాకు 500 డాలర్లు, ఒంటారియోలో 1,500 డాలర్లు లేదా స్ట్రీమునూ ఉద్యోగం ఉన్న ప్రాంతాన్నీ బట్టి 2,000. దానిని మీరే కార్డుతో నేరుగా ప్రభుత్వానికి కట్టవచ్చు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైలు పెట్టడానికి రుసుమే లేదు. సలహాదారుకు ఇచ్చేది అతని శ్రమకు మాత్రమే, ఫలితానికి కాదు. డబ్బు తీసుకొని మీ తరఫున వ్యవహరించే వ్యక్తి పేరు కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ రిజిస్టరులో ఉండాలి, లేదా అక్కడి న్యాయవాది అయివుండాలి. ఆ రిజిస్టరు అందరికీ ఉచితంగా కనిపిస్తుంది. మీ ప్రొఫైలును తన ఈమెయిలుతో తెరిచి, పాస్‌వర్డు మీకు ఇవ్వని మనిషి దగ్గర ఒక్క రూపాయి కట్టవద్దు. ఫారంలో ప్రతినిధిగా తన పేరు పెట్టకుండా అన్నీ మీరే నింపినట్లు చూపించేవారు రేపు అబద్ధం బయటపడితే కనిపించరు, జవాబు చెప్పుకోవలసింది మీరే. డబ్బుకు జాబ్ ఆఫర్ అమ్మడం కూడా నేరం. 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కు సీఆర్‌ఎస్ పాయింట్లు కూడా తీసేశారు కాబట్టి ఆ పేరుతో లక్షలు అడిగేవారి మాట అసలే నమ్మకండి.

ఇక తోట. అక్కడి జీవనానికి సరిపడా సొమ్ము ఉందని చూపాలి, ఆ మొత్తం కుటుంబసభ్యుల సంఖ్యను బట్టి ఉంటుంది, ప్రతి ఏటా మారుతుంది. కానీ లెక్కలోకి వచ్చేది చేతికి అందే డబ్బే. జీడితోట, కొబ్బరితోట, ఇంటి స్థలం, వీటి విలువను ఎంత గొప్ప వాల్యుయేషన్ రిపోర్టుతో చూపినా లెక్కించరు. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదు, అందులో బంగారం మీద తెచ్చిన లోనూ చేరుతుంది. బ్యాంకు ఇచ్చే లేఖలో గత 6 నెలల సగటు నిల్వ, మీ అప్పులు కూడా ఉంటాయి. దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా 15 లక్షలు పడితే ఎక్కడిదని అడుగుతారు. తల్లిదండ్రులు బహుమతిగా ఇస్తే గిఫ్ట్ డీడ్, వారి ఖాతా వివరాలు, వారికి ఆ డబ్బు ఎలా వచ్చిందో రుజువు, మూడూ ఉండాలి. రిజిస్టరు చిట్‌ఫండ్‌లో పాడుకున్న చీటీ అయితే దాని రసీదులు ఉంచుకోండి, ఊళ్ళో నోటిమాట మీద నడిచే చీటీకి రుజువు ఉండదు.

తోట అమ్మవలసే వస్తే ఒక జాగ్రత్త. మన దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక ధర, అసలు చేతులు మారేది మరొక ధర. పైన వచ్చే నగదుకు కాగితం ఉండదు కాబట్టి ఆ సొమ్మును బ్యాంకులో వేసినా అధికారికి వివరించలేరు. పూర్తి ధర దస్తావేజులో రాయించుకొని, మొత్తం బ్యాంకు ద్వారా తీసుకునే కొనుగోలుదారు దొరికితేనే ఆ అమ్మకం దీనికి పనికివస్తుంది. అయినా ఇప్పుడు తొందర లేదు. ఆవిడ ఇంగ్లీషు ఫలితం, ఈసీఏ నివేదిక చేతిలోకి వచ్చి ప్రొఫైలు నిలబడుతుందని తేలాకే ఆ మాట ఎత్తండి. పరీక్షలు, ఈసీఏ వంటి తొలి ఖర్చులు మీ ఇద్దరి జీతాలతోనే గడుస్తాయి.

ఆస్ట్రేలియా గురించి మీరు అడగలేదు, కానీ నర్సు ఉన్న ఇంట్లో ఆ దారిని చూడకపోవడం అన్యాయం. నాకు అక్కడి లైసెన్సు లేదు కాబట్టి అందరికీ తెలిసిన నియమాలే చెబుతాను. 190 వీసాకు రాష్ట్ర నామినేషన్‌తో 5 పాయింట్లు, అది మొదటి నుంచీ శాశ్వతమే. 2019 నవంబరులో వచ్చిన 491 వీసాకు 15 పాయింట్లు, అది 5 ఏళ్ళ తాత్కాలిక వీసా. ప్రాంతీయ ప్రాంతాల్లో 3 ఏళ్ళు గడిపాక 191 శాశ్వత వీసాకు వెళ్ళవచ్చు. ఇక్కడ ప్రాంతీయం అంటే సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగిలినవన్నీ. పెర్త్, అడిలైడ్ కూడా అందులోకే వస్తాయి. కెనడాకూ దీనికీ పెద్ద తేడా ఏమిటంటే, 491లో ప్రాంతీయ ప్రాంతంలోనే ఉండాలన్నది వీసా షరతు, ఉల్లంఘిస్తే వీసాకే ముప్పు. మీ భార్యకు వయసుకు 30, డిగ్రీకి 15, ఐఈఎల్‌టీఎస్‌లో అన్నింటా 7 వస్తే 10, 5 ఏళ్ళ అనుభవానికి 10, మీ ఇంగ్లీషుకు 5, 491 నామినేషన్‌కు 15: మొత్తం 85. కనీస అర్హత 65. అక్కడ కూడా నర్సుగా నమోదుకు ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయాలి, తరువాత ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. అంటే ఆవిడ ఇప్పుడు ఎన్‌క్లెక్స్‌కు పెట్టే శ్రమ రెండు దేశాలకూ పనికివస్తుంది. ఆ దారిలో వెళ్ళదలిస్తే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటును సంప్రదించండి.

మీరు స్పష్టం చేయవలసినవి కొన్ని ఉన్నాయి: మీ భార్యకు జీతం ఏ రూపంలో వస్తోంది, ఏ వార్డులో ఎంతకాలం చేశారు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎప్పటి వరకు చెల్లుతుంది, మీలో ఎవరైనా గల్ఫ్‌లోనో మరో దేశంలోనో 6 నెలలకు పైగా ఉన్నారా. ఉంటే ఆ దేశపు పోలీసు క్లియరెన్సు కావాలి, తిరిగివచ్చాక అది తెప్పించుకోవడానికి చాలాకాలం పడుతుంది. ఈ నాలుగింటికీ జవాబులు ఇక్కడే రాయండి, ఏ ప్రావిన్సు మీకు సరిపోతుందో వాటిని బట్టి చెబుతాను.